అక్షరమాల పాట: మొమొతారో చిత్రగీతాలు, అండమాను దీవులు

1945వ సంవత్సరం ఏప్రిల్ 12వ తేదీన జపానులో ఒక బొమ్మల చలనచిత్రం విడుదలైనది. దాని పేరు "మొమొతారో: సముద్రపు దివ్యసైనికులు". నిడివి 74 నిమిషాలు. ఆ దేశంలో తయారైన తొలి పూర్తి నిడివి కార్టూను చిత్రం ఇదేనని చలనచిత్ర చరిత్రకారులు చెప్తారు. దర్శకుడు సెఓ మిత్సుయో; తీసినది షోచికు సంస్థ; తీయించినది జపాను నౌకాదళ మంత్రిత్వశాఖ. అంతకు రెండేండ్ల ముందు, 1943 మార్చిలో, ఇదే దర్శకుడు ఇదే శాఖ కోరికపై "మొమొతారో: సముద్రపు డేగలు" అనే 37 నిమిషాల చిత్రం తీసినాడు. మొదటిదానికి కొనసాగింపుగా వచ్చినది రెండవది. ఈ రెండవ చిత్రంలోని పాటలకు వరుసలు కట్టినవాడు కొసెకి యూజి, మాటలు కూర్చినవాడు సతో హచిరో. ఇద్దరూ ఆనాటి జపాను గ్రామఫోను రికార్డుల లోకంలో పేరు మోసినవారే. వారు కలిసి ఈ చిత్రం కోసం చేసిన పాటలలో నేటికీ అందరూ జ్ఞాపకం చేసుకొనేది "అ-ఇ-ఉ-ఎ-ఒ పాట". అది జపాను అక్షరమాల పాట.

ఈ పాట భారతీయ పాఠకునికి సంబంధం లేనిది కాదు. నౌకాదళం బొమ్మలలో చూపించిన పనినే భారతభూమిపై మనుషుల నడుమ చేసిన చోటు ఒకటి ఉన్నది. 1942 మార్చి 23న జపాను సైన్యం పోర్టుబ్లెయిరులో దిగినది. అప్పటినుండి 1945 అక్టోబరులో లొంగిపోయేవరకు అండమాను, నికోబారు దీవులు ఆ నౌకాదళం ఏలుబడిలోనే ఉన్నవి. వచ్చినవారు బడులలో జపాను భాషను ప్రవేశపెట్టినారు. చిత్రం విడుదలైన ఆరు నెలలకే దీవులలో జపాను పాలన ముగిసినది గనుక, ఈ పాట ఆ బడులను పుట్టించినదని గాని, ఆ బడులు ఈ పాటను పుట్టించినవని గాని వాదించ నక్కరలేదు. రెండింటి వెనుక ఉన్న కోరిక ఒక్కటే. ఆ కోరిక పాటలో ఎంత అందంగా కనబడుతుందో, దీవులలో ఎట్లు పరిణమించినదో పక్కపక్కన పెట్టి చూడవలసి ఉన్నది.

ముందుగా మొమొతారో ఎవరో చెప్పవలె. జపానులో పసిబిడ్డలందరికీ తెలిసిన కథ ఇది. పిల్లలు లేని ఒక ముసలి దంపతులకు ఏటిలో కొట్టుకొని వచ్చిన పెద్ద పీచుపండులో ఒక మగబిడ్డ దొరుకుతాడు. వాడు పెరిగి పెద్దవాడై, కొర్రపిండి వంటి పిండితో చేసిన ఉండలు మూట కట్టుకొని, దారిలో కలిసిన కుక్కకూ కోతికీ నెమలిజాతి పక్షికీ తలా ఒకటి పెట్టి, వాటిని వెంటబెట్టుకొని, సముద్రం దాటి రాక్షసుల దీవిపై దండెత్తుతాడు. అక్కడి ధనమంతా బండికెత్తి ఇంటికి తెస్తాడు. తెలుగు పాఠకునికి ఇది విన్న వెంటనే వానరసేనా, సేతువూ, లంకా మనసులో మెదలుతవి. కాని ఒక పెద్ద భేదమున్నది. బడిపిల్లల పుస్తకాలలోని ఈ కథలో చాలచోట్ల సీత లేదు. సీతను చెరపట్టని లంకపైకి సేతువు కట్టినట్లున్నది వ్యవహారం.

ఈ లోపం జపాను రచయితలకే ముందుగా కనబడినది. ఫుకుజవ యుకిచి 1871లో తన పిల్లలకోసం వ్రాసిన పాఠాలలో, రాక్షసుల ధనం రాక్షసులదేననీ, కారణం లేకుండా దానిని తెచ్చుకొన్న మొమొతారో దొంగేననీ తేల్చినాడు. 1911లో ప్రభుత్వ విద్యాశాఖ పాటల పుస్తకంలో ఒకనో తెయిచి వరుస కట్టిన మొమొతారో పాట చేరి, దేశమంతటా పిల్లల నాలుకలపైకి వచ్చినది. అప్పటికి ఫుకుజవ మాట ఎవరికీ గుర్తు లేదు. 1924లో అకుతగవ ర్యూనొసుకె ఒక చిన్న కథ వ్రాసి ఈ విషయాన్నే తిరగదోడినాడు. ఆ కథలో రాక్షసుల దీవి కొబ్బరిచెట్లతో, అందమైన పక్షులతో నిండిన సుందరమైన చోటు. రాక్షసులు శాంతస్వభావులు. మొమొతారోయే వారిపై అకారణంగా వచ్చి పడిన దండనాయకుడు. కథ చివర కొందరు రాక్షస యువకులు దీవి స్వాతంత్ర్యం కోసం కొబ్బరికాయలలో బాంబులు కూరుతూ ఉంటారు. సెల్యులర్ జైలు చరిత్ర తెలిసిన భారతీయుడు ఈ వాక్యాన్ని నిదానంగా చదువుతాడు. అకుతగవ ఆ కథ వ్రాసిన కాలానికి బెంగాలు, పంజాబుల యువకులెందరో బాంబు కేసులలో శిక్షలు పడి, కొబ్బరిచెట్ల నీడనున్న ఆ జైలులో గానుగ తిప్పి వచ్చినవారే.

ఇంత విమర్శ ఇంటిలోనే పుట్టినా, యుద్ధం వచ్చేసరికి నౌకాదళానికి మొమొతారో పనికి వచ్చినాడు. 1943 నాటి చిత్రంలో రాక్షసుల దీవి అంటే హవాయి. అమెరికన్ కార్టూనులలోని బ్లూటో అనే లావుపాటి మొరటువాడు అందులో అమెరికా నావికుడుగా కనబడుతాడు. 1945 నాటి చిత్రంలో దీవి దక్షిణ సముద్రంలోనిది. పారాషూట్ దళం దిగే ఘట్టానికి 1942 జనవరిలో సెలబీస్ దీవిలోని మెనాడోపై జరిగిన దాడి ఆధారం. చివర కొమ్ములున్న రాక్షసులు ఇంగ్లీషులో నత్తులు కొట్టుతూ లొంగిపోయే ఘట్టం, అదే సంవత్సరం ఫిబ్రవరిలో సింగపూరులో బ్రిటిషు సేనాని లొంగిపోయిన దృశ్యానికి నకలు.

చిత్రం మొదటి భాగం వేరొక చేతితో వ్రాసినట్లుంటుంది. సెలవుపై ఇంటికి వచ్చిన నావికులు — ఎలుగు, కోతి, కుక్క, పక్షి — కొండ కింది పల్లెలో ఉంటారు. కోతి తమ్ముడు అన్న టోపీకోసం పరుగెత్తి ఏటిలో పడుతాడు. గాలిలో తేలే పూలదూది చూచిన సైనికునికి ఆకాశంలోని పారాషూట్లు జ్ఞాపకం వస్తవి. ఈ భాగంలో యుద్ధం పేరు కూడ గట్టిగా వినబడదు. సెఓ మిత్సుయో యౌవనంలో శ్రామికవర్గ చలనచిత్ర సంఘంతో కలిసి తిరిగినవాడు. ఆ తెరపై గడ్డిపరకలు ఊగే తీరు చూచినవారికి ఆ సంగతి నమ్మశక్యంగానే తోచును. ఆ ఏప్రిల్‌లోనే ఒసాకాలో ఒక ఖాళీ థియేటరులో ఈ చిత్రం చూచిన పదహారేండ్ల తెజుక ఒసాము కన్నీరు పెట్టుకొని, తానెప్పటికైనా ఇటువంటి చిత్రం తీయాలని సంకల్పించుకొన్నాడు. అతనిని కదిలించినది విజయఘట్టం కాదు. యుద్ధపు పూత కింద దాగియున్న శాంతికాంక్ష అని ఆయనే తరువాత వ్రాసికొన్నాడు.

ఇక పాట. దక్షిణ దీవిలో నావికులు విమానస్థావరం కట్టుతూ ఉంటారు. ఏనుగులు, ఖడ్గమృగాలు, పులులు, లేళ్లు, కోతులు మొదలైన దీవిజంతువులు వారికి తోడ్పడుతూ ఉంటవి. ఒక కుక్క ఉపాధ్యాయుడు వాటినన్నింటినీ కూర్చోబెట్టి జపాను అక్షరాలు చెప్పబోతాడు. బడి నడవదు. ఒక్కొక్క జంతువు తన గొంతుతో తాను అరుస్తుంది. అల్లరి చెలరేగి ఉపాధ్యాయుడు దిక్కుతోచక నిలబడిపోతాడు. అప్పుడొక సైనికుడు మౌత్ ఆర్గన్ తీసి వాయించ మొదలు పెడుతాడు. అంతే. అరుపులు వరుసలో పడుతవి. వరుసలో నుండి అక్షరాలు వస్తవి. అ-ఇ-ఉ-ఎ-ఒ అని దీవి అంతా పాడుతుంది. పాట బడి దాటి వంటశాలకు పోతుంది, బట్టలుతికే రేవుకు పోతుంది. ప్రతి పని ఆ తాళంలో సాగుతుంది.

ఈ ఘట్టం బాగున్నదని ఒప్పుకొనకపోతే విమర్శకుడు నిజం చెప్పినట్లు కాదు. కొసెకి కట్టిన వరుస గెంతులు వేస్తూ సాగుతుంది. ఐదేసి అక్షరాల పంక్తులు ఐదు మెట్లు దిగినట్లు దిగుతవి. ఒక్కసారి విన్న పిల్లవాడు మరచిపోడు. దండయాత్ర గీతాలలో చేయి తిరిగిన ఆ స్వరకర్త ఇక్కడ దండు అడుగును దాచి ఆటల అడుగు వేసినాడు. జంతువుల అరుపులు పాటలో కలిసే క్షణమైతే నిజంగా ఆనందదాయకం. యుద్ధచిత్రం గనుక పాట కూడ చెడ్డదే అనేవారికి ఈ క్షణం సమాధానం చెప్తుంది. సంగీతం గొప్పది గనుక తక్కినదంతా మరచిపొమ్మనేవారికి కూడ ఈ క్షణమే సమాధానం చెప్తుంది.

ఎట్లనగా, ఈ పాటలో మాటలు లేవు, ఉన్నవి అక్షరాలే. సతో హచిరో ఇందులో ఏ దేశాన్నీ పొగడలేదు, ఏ శత్రువునూ తిట్టలేదు. అర్థమే లేని పాటలో అబద్ధం వెదకబోతే దొరకదు. అబద్ధమంతా బొమ్మలో ఉన్నది. అక్షరాలు వినేవారు జంతువులు. వారికి అరుపు ఉన్నది గాని భాష లేదు. జపాను నావికులు రాకముందు ఆ దీవిలో ఎవరూ ఎవరికీ ఒక మాట చెప్పి యుండలేదన్నట్లు, అక్షరం మొదటిసారి ఆకాశం నుండి దిగివచ్చినట్లు చూపించినారు. ఇది ఇంగ్లీషువారికి తెలియని విద్య కాదు. తూర్పుదేశాల గ్రంథాలన్నీ ఒక అలమారుకు సరిరావని 1835లో వ్రాసిన మెకాలే చేసిన పనీ ఇదే. ఆయన వద్ద మౌత్ ఆర్గన్ మాత్రం లేదు. అనువాదకుని దృష్టితో చూస్తే ఈ పాటలోని విచిత్రం మరింత తేటపడుతుంది. దీనిని ఏ భాషలోనికీ అనువదించ నక్కరలేదు, అనువదించ వీలూ లేదు. అవతలివానికి ఒక భాష ఉన్నదని ఒప్పుకొన్నప్పుడే గదా అనువాదకునికి పని కలిగేది.

ఇక్కడ తెలుగు పాఠకుడు ఒక్క నిమిషం ఆగవలసిన సంగతి ఉన్నది. ఆ అక్షరాల వరుస ఎక్కడిది? అ, ఇ, ఉ, ఎ, ఒ; తరువాత క, స, త, న, హ, మ, య, ర, వ. జపాను వారు దీనిని యాభై ధ్వనుల పట్టిక అంటారు. నిలువుగా హల్లులు, అడ్డంగా అచ్చులు. క, కి, కు, కె, కొ. ఇది మన గుణింతం తప్ప మరొకటి కాదు. హల్లుల వరుస చూడండి. నోటిలో కంఠం దగ్గర మొదలై పెదవుల దాకా వచ్చి, తరువాత య ర వలు. త వెంట ఆ వర్గపు అనునాసికం న. హ వెంట మ ఎందుకు వచ్చినదంటే, హ అని ఇప్పుడు పలికేది పూర్వం ప అని భాషావేత్తలు నిర్ణయించినారు. ప వర్గానికి అనునాసికం మ. చ ఉండవలసిన చోట స ఉన్నది. ఆ ధ్వని కూడ ప్రాచీనకాలంలో చకారానికి దగ్గరగా ఉండేదని వారి అభిప్రాయం. ట వర్గం వారికి లేదు. ఇది పాణిని కంటె ముందునుండి మన ప్రాతిశాఖ్యాల వారు ఏర్పరచిన వరుస. బౌద్ధ భిక్షువులతో పాటు సముద్రం దాటినది.

దాటిన చరిత్ర కూడ స్పష్టంగానే ఉన్నది. 736లో బోధిసేనుడనే భారతీయ భిక్షువు జపాను చేరినాడు. 752లో నారా నగరపు మహాబుద్ధ విగ్రహానికి కన్నులు తెరిపించే ఉత్సవం నడిపినవాడు ఆయనే. చాంగాన్ నగరంలో సంస్కృతం అభ్యసించిన కూకై 806లో సిద్ధం లిపిలోని గ్రంథాలతో స్వదేశానికి తిరిగి వచ్చినాడు. ఆ లిపి అధ్యయనాన్ని జపానులో "షిత్తన్" అంటారు. షిత్తన్ అంటే సిద్ధం. తెలుగు పల్లెలలో అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వ్రేలితో వ్రాయించే "ఓం నమః శివాయ, సిద్ధం నమః" అన్నదానిలోని సిద్ధమే అది; దాని మొదటి మాటలే కుదించుకొని ఓనమాలైనవి. పదకొండవ శతాబ్దం ఆరంభం నాటికి ఆ సిద్ధం విద్య చదివిన భిక్షువుల చేతులలో యాభై ధ్వనుల పట్టిక రూపు కట్టినది. పిల్లలు వల్లించే "ఇరొహ" పద్యం కూడ, సర్వమూ అనిత్యమని చెప్పే బౌద్ధగాథకు అనుసరణమని వారి సంప్రదాయం. ఒకటి భారతదేశపు ధ్వనిశాస్త్రం, మరొకటి భారతదేశపు వేదాంతం. చిత్రంలోని కుక్క ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాసినది మొదటిదానిని.

ఇది గర్వానికి చెప్పుకొనేది కాదు. జపానువారు దానిని పుచ్చుకొని తమదిగా చేసికొన్నారు. వేయి సంవత్సరాలు వాడినవానికి హక్కు వస్తుంది. అయితే భిక్షువు తెచ్చినప్పుడు ఆ వరుస ఎదుటివాని భాషను గౌరవించి వచ్చినది: జపాను నోటికి ఏ ధ్వనులున్నవో విని, లేనివి వదలి, ఉన్నవాటిని అమర్చినది. నావికుడు దక్షిణానికి తెచ్చినప్పుడు అట్లు విన్నవాడెవడూ లేడు.

అండమానులో వినవలసినవి ఎన్నో ఉండెను. 1858లో బ్రిటిషువారు పోర్టుబ్లెయిరును శిక్షాస్థలంగా చేసిన తరువాత పంజాబు నుండి బర్మా వరకు, మలబారు నుండి బెంగాలు వరకు ఉన్న భాషలన్నీ ఆ దీవులకు సంకెళ్లతో వచ్చినవి. శిక్ష తీరి అక్కడే కాపురాలు పెట్టినవారి పిల్లలు తమలో తాము మాట్లాడుకొనుటకు హిందూస్తానీని ఒక తీరున మలచుకొన్నారు. వ్యాకరణ గ్రంథమూ లేదు, ప్రభుత్వ ఉత్తరువూ లేదు, పాట కూడ లేదు. బజారులో, కట్టెల అడితిలో, పెళ్లిళ్లలో పుట్టిన భాష అది. ఇంటిలో ఒక భాష, వీధిలో ఒకటి, బడిలో ఒకటి, కచేరిలో ఇంగ్లీషు: ఆ పిల్లల నాలుకలు పండితులకే అసూయ కలిగించదగినవి. 1942లో జపాను ఉపాధ్యాయుని ముందు కూర్చున్నవారు వీరు. తెరపైని ఏనుగులు, లేళ్లు కారు.

వారి నడుమ ఒక కవి ఉన్నాడు. డాక్టరు దీవాన్ సింగ్ 1927లో వైద్యుడుగా పోర్టుబ్లెయిరు వచ్చినాడు. దీవులకు ఉన్న పేరునే ఆయన తన పేరుకు తగిలించుకొన్నందున పంజాబీ పాఠకులు ఆయనను దీవాన్ సింగ్ కాలేపానీ అంటారు. 1938లో ఆయన "వగదే పాణీ", అంటే పారే నీళ్లు, అనే కవితాసంపుటి ప్రకటించినాడు. పంజాబీలో ఛందోబంధాలు విడిచిన వచనకవిత్వానికి మార్గం వేసినవారిలో ఆయన ఒకడు. నిలిచిన నీరు మురుగుతుందనీ, పారేదే జీవమనీ నమ్మిన కవి. జపాను పాలన వచ్చినప్పుడు అక్కడి భారత స్వాతంత్ర్య సంఘపు శాఖకు ఆయన అధ్యక్షుడు. అంటే వచ్చినవారు చెప్పిన స్నేహాన్ని మొదట నమ్మి కలిసి పనిచేసినవాడే. 1943 అక్టోబరులో గూఢచారి అన్న అభియోగంపై ఆయనను పట్టుకొని సెల్యులర్ జైలులో పెట్టినారు. ఆ డిసెంబరు 29న సుభాస్ చంద్ర బోసు పోర్టుబ్లెయిరు వచ్చి, మరునాడు అక్కడ త్రివర్ణపతాకం ఎగురవేసినాడు. ఆ దినాలలో దీవాన్ సింగ్ అదే ఊరిలో జైలు గోడల వెనుక ఉన్నాడు. హింసలు పడి 1944 జనవరి 14న మరణించినాడు. పదహారు దినాల తరువాత, జనవరి 30న, హంఫ్రీగంజ్ వద్ద 44 మంది భారతీయులను కాల్చి గోతిలో పూడ్చినారు.

ఈ మరణాలకు ఒక పాటను బాధ్యురాలిని చేయుట తెలివితక్కువ. సతో, కొసెకిలు టోకియోలో కూర్చుని తమకు అప్పగించిన పని చేసినారు. హంఫ్రీగంజ్ పేరు వారు విని యుండరు. కాని పాట బొమ్మలో ఒక చోటు ఖాళీగా ఉన్నది. అ-ఇ-ఉ-ఎ-ఒ పాడే ఆ గుంపులో తన అక్షరాలు తనకున్న ఒక్క శ్రోత లేడు. అట్టివాడుంటే పాట ఆగిపోయేది. మౌత్ ఆర్గన్ వాయించే సైనికుడు అతనిని ఏమి చేయాలో తెలియక నిలబడేవాడు. తెరపై ఆ శ్రోతను గీయకుండ వదలినారు. దీవిలో అతడున్నాడు, అతని నోట ఉన్నది పంజాబీ కవిత్వం.

చిత్రం సంగతి చెప్పవలెనంటే, యుద్ధానంతరం అది నశించినదనే అందరూ అనుకొన్నారు. 1983లో షోచికు గిడ్డంగిలో దాని నెగెటివు దొరికినది. మరుసటి ఏడు మళ్లీ ప్రదర్శించినారు. 2016లో సరిచేసిన ప్రతిని కాన్ చిత్రోత్సవంలో చూపించినారు. ఈ నడుమ నలభై ఏండ్లలో ఆ పాట కర్తలు మరేమి చేసినారో గమనించదగినది. యుద్ధం ముగిసిన రెండు నెలలకే, 1945 అక్టోబరులో, షోచికువారి మరొక చిత్రం "సొయొకజె" వచ్చినది. అందులోని "ఆపిలు పండు పాట" 1946 జనవరిలో కొలంబియా రికార్డుగా వెలువడి, శిథిలాల నడుమ బ్రతుకుతున్న దేశమంతా పాడుకొన్నది. ఆ మాటలు సతో హచిరోవి. 1949లో సతో, కొసెకి మళ్లీ కలిసి "నగసాకి గంటలు" అనే పాట చేసినారు. అణుబాంబులో భార్యను పోగొట్టుకొని, తానూ రోగంతో మంచం పట్టిన నగై తకషి అనే వైద్యుని పుస్తకం దానికి ఆధారం. పండు మీద, గంట మీద వ్రాసిన ఆ రెండు పాటలలోను ఇతరులకు నేర్పవలెనన్న తొందర లేదు. సెఓ మిత్సుయో మాత్రం 1949లో "రాజుగారి తోక" అనే చిత్రం తీసి, అది వామపక్షపు వాసన కొట్టుతున్నదని పంపిణీదారులు విడుదల చేయనందున, బొమ్మల చిత్రాలు విడిచి పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసుకొని బ్రతికినాడు. నౌకాదళానికి నచ్చిన దర్శకుడు శాంతికాలపు వ్యాపారానికి నచ్చలేదు.

తెజుక తాను చూచినదానిని మరువలేదు. 1950లో మొదలు పెట్టిన "అడవి మహారాజు" బొమ్మల కథలోను, 1965 నుండి టెలివిజనులో వచ్చిన దాని చిత్రాలలోను జంతువులు పాటతో చదువు నేర్చుకొనే ఘట్టం ఆయన తెచ్చిపెట్టినాడు. అక్కడ నేర్పేది నావికుడు కాదు, వారి సింహపు పిల్లయే. అది సవరణ అనవచ్చు. సగం సవరణ అనుట మేలు, ఎందుకంటే అక్కడ కూడ జంతువులు తమ అరుపు విడిచి మనుష్యభాష పట్టవలసినవే.

పూర్తి సవరణ కొసెకి వలననే జరిగినది. 1961లో తొహో సంస్థ "మొస్రా" అనే చిత్రం తీసినది. అణుపరీక్షలతో కాలిపోయిన ఒక దక్షిణ దీవి. ఆ దీవి దేవత ఒక పెద్ద సీతాకోకచిలుక. ఆ దేవతను పిలిచే ఇద్దరు వ్రేలెడు కన్యలు. "పీనట్స్" అనే పేరుతో ప్రసిద్ధలైన కవల గాయనులు ఆ కన్యలుగా పాడినారు. ఆ పాటకు వరుస కట్టినవాడు కొసెకి. మాటలు జపాను భాషలో లేవు, మలయ భాషలో ఉన్నవి. జపానులో వ్రాసినదానిని ఆ భాషలోనికి అనువదింపించినారు. దక్షిణ దీవులకు అక్షరాలు నేర్పుతున్నట్లు 1945లో వరుస కట్టినవాడే, పదహారేండ్లకు జపాను గాయనుల నోట దక్షిణ దీవుల భాష పలికించినాడు. ఇది పశ్చాత్తాపమా, సినిమా వారి విచిత్రపు కోరికా అన్నది ప్రధానం కాదు. అక్కడ ఒక అనువాదకుడు అవసరమైనాడు. ఆ పాట జపానులో ప్రసిద్ధమైనది. అర్థం తెలియని పిల్లలు అర్థమున్న పాట పాడినారు. పోర్టుబ్లెయిరు పిల్లలు ఒకనాడు పరభాషను నోట వల్లించినట్లే, అయితే ఈసారి బెత్తం లేదు.

అండమానులో జపాను భాష మూడున్నర ఏండ్లకు పోయినది. హిందీ నిలిచినది, పెరిగినది. 1947 తరువాత వచ్చిన బెంగాలీలు, తమిళులు, శ్రీకాకుళం విశాఖపట్నం తీరాలనుండి పోయిన తెలుగువారు — 2011 జనగణనలో దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 13 శాతం — అందరికీ అదే ఉమ్మడి భాష. దీనిని హిందీ ప్రేమికులు సంతోషంతో చెప్పుకొంటారు. చెప్పుకొనదగినదే, ఎందుకంటే అది కట్టె మోసినవారు కట్టుకొన్న భాష. కాని దీవులలో ఖైదీలకు వేల ఏండ్ల ముందునుండి ఉన్నవారికి కూడ ఆ భాషే మిగిలినది. వారి విషయంలో భారతీయుడు కుక్క ఉపాధ్యాయుని చూచి తేలికగా నవ్వలేడు. మహా అండమానీయుల భాషలు పది ఉండెను. వాటిలో "బో" అనే భాష మాట్లాడగలిగిన చివరి మనిషి బోవా సీనియర్ అనే వృద్ధురాలు. తనతో ఆ భాష మాట్లాడేవారెవరూ మిగలనందున ఆమె ఇతరులతో సంభాషించుటకు అండమాను హిందీ నేర్చుకొన్నది. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ ఆమె మాటలు, పాటలు రికార్డు చేసినది. 2010 జనవరిలో ఆమె మరణించినది. బో పాటలు ఆ రికార్డులలో ఉన్నవి. వాటికి లిపి ఆమె ఎన్నడూ నేర్చుకొనలేదు, నేర్పినవారూ లేరు. వాటి అర్థం అబ్బీ ఆమెను అడిగినప్పుడు ఆమె చెప్పినది హిందీలో.